తెలుగు టీచర్లకు ఆన్‌లైన్‌లో శిక్షణ ఎక్కడ దొరుకుతుంది?

ప్రభుత్వ బడిలో తెలుగు చెప్పేవారు టెక్నాలజీతో బోధన మెరుగుపరచుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలని అడిగారు. ముందు కేంద్ర విద్యాశాఖ నడిపే ఆన్‌లైన్ వేదిక దీక్ష చూడండి. 2017లో మొదలైన ఈ వేదికలో కోర్సులు ఉచితం, ఫోన్‌లోనే చేయొచ్చు, చాలావాటికి సర్టిఫికెట్ కూడా వస్తుంది. ప్రతి టీచరూ ఏడాదికి కనీసం 50 గంటల వృత్తి శిక్షణ పొందాలని 2020 జాతీయ విద్యా విధానం చెబుతోంది కాబట్టి ఆ సర్టిఫికెట్లు దాచుకోండి. యూనివర్సిటీ స్థాయి కోర్సులకు కేంద్ర ప్రభుత్వానిదే మరో ఆన్‌లైన్ వేదిక, స్వయం ఉంది. పాఠాలు ఉచితమే, సర్టిఫికెట్ పరీక్షకు మాత్రం ఫీజు కట్టాలి.

నా మటుకు నాకు, భాష చెప్పేవారికి అన్నిటికన్నా మంచి బడి తెలుగు వికీసోర్స్, అంటే పాత పుస్తకాలను ఎవరైనా టైపు చేసి దిద్దగలిగే ఉచిత ఆన్‌లైన్ గ్రంథాలయం. అక్కడ పాత పుస్తకం స్కాన్ పేజీ ఒకవైపు, యంత్రం చదివిన అక్షరాలు మరోవైపు ఉంటాయి. ఒత్తుల దగ్గర, అరసున్నల దగ్గర, బండి ఱ దగ్గర యంత్రం చేసిన తప్పులు దిద్దుతూ పోతే యూనికోడ్ టైపింగ్ చేతికి అలవాటవుతుంది, మన వర్ణక్రమం మీద మనకే కొత్త శ్రద్ధ పుడుతుంది. భారతీయ భాషల టైపింగ్‌కు ప్రామాణికమైన ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు నేర్చుకుని దిగండి. చేయి తిరిగాక తొమ్మిదో తరగతి పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని వారానికి ఒక్క పేజీ దిద్దించండి.