మందు మానాలనుకున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

తాగుడు మానినవాళ్లు కలిసి కూర్చునే బృందం విశాఖలో ఎక్కడ దొరుకుతుందో, అందులో ఎలా చేరాలో రాయమన్నావు. అంతకంటే ముందు చెప్పవలసినది ఒకటి ఉంది. పొద్దున లేవగానే నీ చెయ్యి వణుకుతోందనీ, ఒక పెగ్గు పడితే గాని టీ గ్లాసు తొణకకుండా పట్టుకోలేకపోతున్నావనీ మీ అమ్మ చెప్పింది. ఆ స్థితికి వచ్చినవాడు మందు ఒక్కసారిగా ఆపితే మొదటి రెండు రోజుల్లోనే ఫిట్స్ రావచ్చు. ఆ తరవాత లేనివి కనబడటం, జ్వరం, చెమటలు మొదలై ప్రాణం మీదికి రావచ్చు. కనుక గది తలుపు వేసుకుని నాకు నేనే మానేస్తానని పంతం పట్టవద్దు. కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి)లో గాని, వాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాలలో గాని డాక్టరుకు చూపించుకుని, రోజుకు ఎంత తాగుతున్నావో సగం చేసి చెప్పకుండా ఉన్నదున్నట్టు చెప్పు. ఆ లెక్కను బట్టే వాళ్లు మాత్రలు మొదలుపెట్టి క్రమంగా తగ్గిస్తారు, బీ1 విటమిన్ ఇస్తారు. ఆసుపత్రి గేటు దగ్గర తెలిసినవాళ్లు చూస్తారేమోనన్నది నీ జంకు అయితే, వైన్ షాపు దగ్గర నిన్ను చూసినవాళ్లు ఎంతమందో ఒకసారి తలుచుకో.

ఇక బృందం సంగతి. నేను వెళ్లేది ఆల్కహాలిక్స్ అనానిమస్‌కు, అందరూ ఏఏ అంటారు. ఫీజు లేదు, పూర్తి పేరు అడగరు. తాగుడు మానాలన్న కోరిక ఒక్కటే చేరడానికి అర్హత. ఖర్చులకు సభ్యులే తోచినంత వేసుకుంటారు, బయటివాళ్ల విరాళం పుచ్చుకోరు. కాబట్టి ఫోనులోనే అడ్వాన్సు కట్టమని ఎవరైనా అడిగితే అది ఏఏ కాదని తెలుసుకో. మీటింగుల వివరాలు ఏఏ ఇండియా వెబ్‌సైటులో చూడవచ్చు, ఆసుపత్రిలో కౌన్సెలర్‌ను అడగవచ్చు. మత్తు మానడానికి కేంద్ర ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14446 ఉంది. రాత్రివేళ మనసు నిలవకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. మీటింగులు చాలావరకు చర్చి గదుల్లోనో బడి గదుల్లోనో జరుగుతాయి, గది మారుతుంటుంది కూడా, కనుక బయలుదేరే రోజున ఫోను చేసి వేళ, చోటు, మాట్లాడే భాష కనుక్కో. క్లోజ్డ్ మీటింగుకు తాగుడు సమస్య ఉన్నవాళ్లే రావాలి. ఓపెన్ మీటింగు అయితే నీ భార్యను కూడా తీసుకువెళ్లవచ్చు.

ఏ బృందం మంచిదని అడిగావు గాని, నన్నడిగితే నువ్వు తాగే వేళకు దొరికేదే మంచిది. స్టీల్ ప్లాంటులో పొద్దుటి షిఫ్టు దిగి కూర్మన్నపాలెం వచ్చి, సాయంత్రం చీకటి పడేవేళకు గాజువాకలో తేలడం నీ అలవాటు. ఎంత గొప్ప బృందమైనా అది ఎంవీపీ కాలనీలో ఉంటే, ఎన్ఏడీ కూడలి మీదుగా అంత దూరం బస్సులో వెళ్తూ దారిలోని ప్రతి వైన్ షాపు బోర్డూ చదువుకోవలసి వస్తుంది. ఇంటికీ ప్లాంటుకూ మధ్యలో, ఆ వేళకు జరిగేదేదో వెతుకు. షిఫ్టు మారుతుంటుంది కనుక రెండో బృందం కూడా ఒకటి చూసిపెట్టుకో.

మొదటి రోజు ఏం మాట్లాడాలోనని బెంగపడకు. ఒకరు చదువుతారు, తరవాత ఒక్కొక్కరూ తమ కథ చెప్పుకుంటారు, మధ్యలో ఎవరూ అడ్డురారు, సలహాలివ్వరు. నీ వంతు వచ్చినప్పుడు ఈ రోజుకు వింటానంటే సరిపోతుంది. దేవుడి మాట వస్తే కంగారుపడకు: నీకు సింహాద్రి అప్పన్న కావచ్చు, పక్కవాడికి ఏసు కావచ్చు, ఇంకొకడికి ఆ గదిలోని మనుషులే కావచ్చు. మీటింగు అయ్యాక మాత్రం వెంటనే జారుకోకుండా, ఇద్దరి ముగ్గురి ఫోను నంబర్లు అడిగి తీసుకో. అసలు పని అక్కడుంది. 1935లో బిల్ విల్సన్ అనే షేర్ల వ్యాపారి అమెరికాలోని ఆక్రన్‌లో వ్యాపారం బెడిసి, హోటల్ బారు వైపు కాళ్లు లాగుతుంటే, తనలాంటి తాగుబోతు ఎవరైనా మాట్లాడటానికి దొరుకుతాడా అని ఫోన్లు చేశాడు. అలా దొరికినవాడు బాబ్ స్మిత్ అనే సర్జన్. ఏఏ మొదలైంది ఆ ఇద్దరితోనే. నువ్వూ తాగకముందే ఫోను చెయ్యి, తాగాక చేసి ఏడిస్తే అవతలివాడు చేయగలిగింది తక్కువ. కొన్నాళ్లకు వాళ్లలో ఒకరిని స్పాన్సర్‌గా, అంటే నీకు దారి చూపే పాత సభ్యుడిగా, ఉండమని అడుగు.

మాల వేసుకున్న 41 రోజులూ చుక్క ముట్టలేదు కదా, నాకు ఇవన్నీ ఎందుకని నువ్వు అనవచ్చు. నిజమే, ముట్టలేదు, నీతోపాటు శబరిమల వెళ్లినవాళ్లూ ముట్టలేదు. మాల తీశాక ఏమైందో నీకూ తెలుసు. దీక్షలో ఉన్నన్నాళ్లూ చుట్టూ స్వాములున్నారు, భజన ఉంది, సాయంత్రానికి ఒక పని ఉంది. ఈ మీటింగులు ఏడాది పొడుగునా అలాంటి సాయంత్రాలు ఇస్తాయి.

ఒక మాట నీ భార్యకు చెప్పు. గోడల మీద ప్రకటనలు చూసి, తెలియకుండా మజ్జిగలో కలిపే పొడి తెప్పించవద్దు. అలాంటివాటిలో డైసల్ఫిరామ్ (తాగితే ఒంటికి పడకుండా చేసే ఔషధం) ఉండి, అది తెలియక నువ్వు తాగితే గుండెకే ముప్పు. ఆ మాత్ర వాడాలంటే డాక్టరు చెప్పాలి, నీకు తెలిసి మింగాలి. తాగేవాళ్ల ఇంటివాళ్ల కోసం 1951లో మొదలైన అల్-అనాన్ అనే బృందం ఉంది. నువ్వు మానినా మానకపోయినా ఆమె దానికి వెళ్లవచ్చు.

ఓపీకి ఎప్పుడు వెళ్తావో ముందురోజే చెప్పు, నేనూ వస్తాను. ఆధార్ కార్డు, ఇప్పటిదాకా వాడిన మందుల చీటీలు సంచిలో పెట్టుకో.

ఇట్లు,
మామయ్య