యాంకరింగ్ కోర్సుకు లక్షన్నర కట్టే ముందు

ప్రశ్న: మా అమ్మాయి బీకాం చివరి సంవత్సరం. టీవీలో న్యూస్ రీడర్ అవుతానని పట్టుబట్టింది. బ్యాంకు పరీక్షలు రాయమంటే ససేమిరా అంటోంది. ఆరు నెలల యాంకరింగ్ కోర్సుకు ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు లక్షన్నర అడుగుతున్నారు, ఉద్యోగం గ్యారంటీ అంటున్నారు. ఆడపిల్ల, రాత్రి డ్యూటీలంటే మాకు టెన్షన్. ఏం చేయమంటారు?
– ఒక తండ్రి, సూర్యాపేట

జవాబు: ముందు డబ్బు సంగతి. కట్టకండి. బయటివాళ్లు ఇచ్చే గ్యారంటీని నమ్ముకోలేం. యాంకర్‌ను తీసుకునేటప్పుడు స్క్రీన్ టెస్టు, వాయిస్ టెస్టు ఛానలే పెట్టుకుంటుంది. మేకప్, కూర్చునే తీరు, ప్రాంప్టర్ (కెమెరా దగ్గర వార్త అక్షరాలు కనిపించే తెర) చూసి చదవడం చేరాక అలవాటవుతాయి. వార్త రాయడం అలా రాదు. దానికి ఇప్పటి నుంచే కష్టపడాలి.

1983లో దూరదర్శన్‌లో తొలి తెలుగు వార్తలు చదివిన శాంతి స్వరూప్ గారి కాలంలో టెలీప్రాంప్టర్ లేదు. స్క్రిప్టు బట్టీపట్టి, కెమెరాలోకి చూస్తూ చెప్పేవారు. ఇప్పుడు ప్రాంప్టర్ ఉంది. కానీ బ్రేకింగ్ వచ్చిందంటే దాని మీద ఒక్క అక్షరం కూడా ఉండదు. చెవిలో ప్రొడ్యూసర్ ఒక ముక్క అందిస్తారు, అంతే. రిపోర్టర్ లైన్లోకి వచ్చేదాకా యాంకరే నడిపించాలి. విషయం తెలియకపోతే ఒకే వాక్యాన్ని తిప్పి తిప్పి చెప్పాల్సి వస్తుంది.

రిపోర్టర్ పని చూడండి. భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జులైలో 71 అడుగులు దాటింది. అక్కడ లైవ్‌లో నిలబడి ‘గోదావరి మహోగ్రరూపం దాల్చింది’ అని ఎవరైనా అంటారు. టీవీ ముందు కూర్చున్న లోతట్టు కాలనీ మనిషికి కావాల్సింది అది కాదు. ఇప్పుడు ఎన్ని అడుగులుంది, గంట క్రితం ఎంత, పైనుంచి ఇంకా వరద వస్తోందా, ఏ రోడ్డు మునిగింది? సామాన్లు సర్దుకోవాలో వద్దో ఆ జవాబుల మీదే ఉంటుంది. ఆ వివరాలు అధికారులను అడిగి ఖాయం చేసుకున్నాకే మైకు పట్టుకోవాలి. ఈ ఉద్యోగానికి గౌరవం అక్కడే ఉంది. పక్క ఛానల్ వేసేసిందని తొందరపడి, బతికున్న మనిషిని చనిపోయారని చెప్పడం నా దృష్టిలో క్షమించరాని తప్పు.

మీ అమ్మాయికి ఒక పని అప్పగించండి. రోజూ పేపర్లోని ఒక పెద్ద వార్త తీసుకుని, అరనిమిషంలో చదవగలిగేలా నాలుగైదు చిన్న వాక్యాల్లో తిరగరాయమనండి. ఫోన్‌లో రికార్డు చేసి మీకు వినిపించమనండి. మీకు ఒక్కసారికే అర్థం కావాలి. నెల తర్వాత కూడా విసుగు పుట్టకపోతే ఆమెను ఆపకండి.

చదువుకు మంచి దారులే ఉన్నాయి. ఉస్మానియాలో జర్నలిజం పీజీకి సీపీగెట్, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ (హెచ్‌సీయూ)లో కమ్యూనికేషన్‌కు సీయూఈటీ పీజీ అనే ప్రవేశ పరీక్షలు రాయాలి. ఈనాడు జర్నలిజం స్కూల్ రాత పరీక్ష పెట్టి తీసుకుంటుంది, శిక్షణలో భృతి కూడా ఇస్తుంది. ఒప్పందం షరతులు మాత్రం చదివాకే సంతకం చేయించండి. ముందు డిగ్రీ పూర్తవ్వాలి, అందులో రాజీ వద్దు.

జీతం గురించి ఆశలు పెంచుకోకండి. మొదట్లో చాలాచోట్ల బ్యాంకు క్లర్కు జీతం కన్నా తక్కువే. పండగలకు సెలవు దొరకదు. ఓట్ల లెక్కింపు రోజైతే తెల్లవారక ముందే ఆఫీసులో ఉండాలి. పెళ్లిచూపుల రోజున కూడా ఫోన్ మోగుతుంది, మీరు కూడా దానికి సిద్ధపడాలి. రాత్రి డ్యూటీ గురించి మీ భయం న్యాయమైనదే. ఇంటికి దింపే క్యాబ్ ఉందా, వేధింపుల ఫిర్యాదుల కమిటీ ఉందా అని ఇంటర్వ్యూలోనే అడగమనండి. అడిగినందుకు ముఖం చిట్లించే చోట చేరకపోవడమే మంచిది.

ఇంకో మాట. జిల్లాల్లో స్ట్రింగర్లుగా పనిచేసే చాలామందికి నెల జీతం ఉండదు, పంపిన వార్తను బట్టి ఎంతో కొంత వస్తుంది. నియామక పత్రం ఇవ్వకుండా ఒక ఐడీ కార్డు, ఛానల్ లోగో చేతిలో పెట్టి ‘యాడ్స్ తెస్తే కమీషన్ ఇస్తాం’ అనేవాళ్లు మీ ఊళ్లోనూ ఎదురు కావచ్చు. అనుభవం వస్తుందిలే అని అలాంటి చోట మాత్రం చేరనివ్వకండి.