ఉల్కల రాడార్ డేటా మొదటిసారి చేతికొచ్చిన అమ్మాయికి

అమ్మాయీ,

నీ ఉత్తరం అందింది. ఉల్కల రాడార్‌ గాలుల డేటా (ఉల్కల జాడలు గాలికి కొట్టుకుపోవడాన్ని బట్టి కొలిచింది) ఏడాదిది చేతికిచ్చి టైడ్స్, అంటే 24, 12 గంటల లయలో గాలి ఊగే ఊపులు, తీయమన్నారనీ, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్‌గా ఉందనీ రాశావు. ప్రోగ్రాం రాయడం నాకంటే నీకే బాగా వచ్చు, దాని జోలికి పోను.

మొదటి రెండు వారాలూ ఏ ఫిట్టూ వేయకు, అంటే డేటాకి ఏ తరంగాన్నీ సరిపెట్టి చూడకు. 80 నుంచి 100 కిలోమీటర్ల దాకా ఒక్కో ఎత్తులో గాలి గంటగంటకీ ఎలా మారిందో గీసి గోడకి అంటించుకో. 12 గంటల సైన్ వేవ్‌ని దేనిమీద వేసినా ఎంతో కొంత యాంప్లిట్యూడ్ (ఊపు సైజు) చూపిస్తుంది. లాటరీ నంబర్లిచ్చినా చూపిస్తుంది. అందుకే ముందు నీ కంటికి కనబడాలి. గాలి మలుపు తిరగడం 95 కిలోమీటర్ల దగ్గర ముందు, 85 దగ్గర తర్వాత జరుగుతుంటే ఆ తరంగం కింది నుంచి వస్తోందన్నమాట. ఉష్ణమండలంలో 24 గంటల టైడ్‌కి ఆ పది కిలోమీటర్లలో ఎనిమిది తొమ్మిది గంటల తేడా ఉండొచ్చు. ఫేజ్ (తరంగం మలుపు తిరిగే వేళ) ఇలా కిందికి దిగుతుంటే శక్తి పైకి పోతోందని అర్థం. మొదట్లో తిరకాసుగానే ఉంటుంది. నాకు ఒంటబట్టడానికి రెండేళ్లు పట్టింది.

టైడ్ అనగానే చంద్రుడు గుర్తొస్తాడు గానీ ఇక్కడ పెత్తనం సూర్యుడిది. అదీ ఆకర్షణతో కాదు, వేడితో. కింద నీటి ఆవిరి, 50 కిలోమీటర్ల దగ్గర ఓజోన్ ఎండను పీల్చుకుని పగలు వేడెక్కి రాత్రి చల్లారుతుంటాయి. ఆ ఊపే పైకి పాకుతుంది. సుమారు ప్రతి 7 కిలోమీటర్లకీ గాలి సాంద్రత మూడో వంతుకి కాస్త పైన మిగులుతుంది. గాలి పలచనయ్యేకొద్దీ అదే శక్తికి ఊపు పెద్దదవుతుంది. కింద లెక్కలోకి రాని కదలిక 90 కిలోమీటర్ల దగ్గర సెకనుకి పదుల మీటర్ల గాలి అవుతుంది.

గడియారం దగ్గర మాత్రం జాగ్రత్త. ఒకసారి నేను సగం ఫైళ్లు యూనివర్సల్ టైమ్‌లోనూ సగం స్థానిక కాలంలోనూ ఉన్నాయని చూసుకోకుండా, "సంవత్సరం మధ్యలో ఫేజ్ హఠాత్తుగా జరిగింది" అని వ్యాసం మొదలుపెట్టాను. ఎన్ని గంటలు జరిగిందో చూస్తే, సరిగ్గా రెండు గడియారాల మధ్య తేడా అంతే! అదృష్టం, ఇంకా ఎవరికీ చూపించలేదు.

ఇంకో మెలిక ఉంది. తెల్లవారుజామున నువ్వున్న వైపు భూమి ప్రయాణించే దిక్కుకి ఎదురుగా ఉంటుంది, కాబట్టి ఉల్కలు ఎక్కువ పడతాయి. సాయంత్రం బాగా తగ్గిపోతాయి. అంటే డేటా నాణ్యతకే 24 గంటల లయ ఉంది, నువ్వు వెతికేదీ ఆ లయనే. సాయంత్రపు ఖాళీలను ఇంటర్‌పొలేషన్‌తో పూడ్చకు. ఉన్న పాయింట్ల మీదే లీస్ట్ స్క్వేర్స్ (తేడాల వర్గాల మొత్తం అతి తక్కువయ్యే ఫిట్) వెయ్యి, ఎక్కువ ఉల్కలున్న గంటకి ఎక్కువ బరువు ఇవ్వు.

విండో, అంటే ఒక్కో ఫిట్‌కి తీసుకునే డేటా ముక్క, నాలుగు రోజులు పెడతానన్నావు. సూర్యుడి టైడ్‌కి సరిపోవచ్చు. కానీ చంద్రుడి టైడ్ 12.42 గంటలది. దాన్ని 12 గంటలదాని నుంచి విడదీయాలంటే దాదాపు 15 రోజులు కావాలి. శీతాకాలంలో ధ్రువం మీద స్ట్రాటోస్ఫియర్ (ఓజోన్ ఉండే పొర) హఠాత్తుగా వేడెక్కే రోజుల్లో చంద్రుడి టైడ్ బాగా బలపడుతుంది. 2009 జనవరిలో అలా ధ్రువం మీద వేడెక్కితే, పెరూలో హికమార్కా రాడార్ భూమధ్యరేఖ దగ్గరి అయనోస్ఫియర్ (పైన విద్యుదావేశం ఉన్న గాలి పొర) ఉదయం పైకీ మధ్యాహ్నం కిందికీ మామూలుకి భిన్నంగా కదలడం చూసింది. అలాంటి వారాలను వేరుగా పెట్టుకో.

ఒక్క రాడార్‌తో సూర్యుడి వెంట తిరిగే టైడ్ ఏదో, తిరగనిది ఏదో చెప్పలేవు. ఎవరడిగినా చెప్పలేనని ఒప్పుకో. ఉపగ్రహం చేర్చినా ఇబ్బందే. ఎప్పుడూ ఒకే స్థానిక కాలంలో దాటే ఉపగ్రహానికి, ఉష్ణమండల మేఘాల వేడి నుంచి పుట్టి తూర్పుకి పోయే టైడ్ భూమి చుట్టూ నాలుగు గుట్టల్లా కనిపిస్తుంది. కదలకుండా నిలబడ్డ నాలుగు గుట్టల తరంగమూ అచ్చం అలాగే ఉంటుంది.

గ్రావిటీ వేవ్స్ (టైడ్స్ కంటే చిన్నవైన గాలి అలలు) ఇప్పుడే ముట్టుకోకు. బ్లాక్ హోల్స్ తరంగాలతో పేరు కలిసి చుట్టాలు ఎటూ తికమక పడతారు. వేసవిలో మీసోస్ఫియర్ (స్ట్రాటోస్ఫియర్ పై పొర) పైఅంచు శీతాకాలంకంటే చల్లగా ఉండడానికి కారణం ఇవేననుకో, కానీ అవి రెండో ఏటి పని.

ముందు జనవరి నెల ఒక్కటి గీసి పంపు. ఏ గడియారమో పటం మీదే రాయి.