గచ్చిబౌలిలో స్టాప్‌వాచ్‌తో మా వాడు 100 మీటర్లు 10.7లో పరుగెత్తాడు. అండర్-20 ప్రపంచ పోటీల టైమింగ్‌తో దీన్ని పోల్చవచ్చా?

నేరుగా పోల్చకూడదు. అక్కడిది ఎలక్ట్రానిక్ టైమింగ్, దానితో పోల్చాలంటే చేతి టైమింగ్‌కి 0.24 సెకను కలపాలి, అంటే సుమారు 10.94. అదీ వాచ్ సరిగ్గా నొక్కితేనే. ఫినిష్ దగ్గర వాచ్ పట్టుకున్నాయన స్టార్ట్ తుపాకీ పొగ చూసి నొక్కాలి. చప్పుడు విని నొక్కితే, అది 100 మీటర్లు దాటి రావడానికి 0.3 సెకను పడుతుంది. అంత టైమ్ కుర్రాడికి ఊరికే కలిసొస్తుంది. మన దగ్గర ఎక్కువగా జరిగే పొరపాటు ఇదే. వాచ్‌లో 10.61 కనబడితే 10.7 అనే రాయాలి, 10.6 కాదు. ఆపేది తల గీత దాటినప్పుడు కాదు, ఛాతీ చేరినప్పుడు.

గాలి సంగతీ చూడాలి. వెనక నుంచి సెకనుకు 2.0 మీటర్లు మించి వీస్తే ఆ టైమ్ రికార్డుకి పనికిరాదు. గాలి మీటరు లేకుండా తీసిన టైమ్‌ని నేనైతే లెక్కలోకే తీసుకోను.

కొలమానం కావాలంటే, 2022లో కొలంబియాలోని కాలీ నగరంలో జరిగిన అండర్-20 ప్రపంచ పోటీల ఫైనల్లో బోట్స్వానా కుర్రాడు లెట్సిలే టెబోగో టైమ్ 9.91. ముందు ఎలక్ట్రానిక్ టైమింగ్ ఉన్న మీట్‌లో పరుగెత్తించండి.