పాత విండోస్: ఆషాఢం దాకా ఆగవచ్చా?

ప్రశ్న: పాలకొల్లులో పదిహేనేళ్ళుగా చిన్న డి.టి.పి. సెంటరు నడుపుతున్నాను. శుభలేఖలు, గృహప్రవేశం కార్డులు, కరపత్రాలు, గుళ్ళ రసీదు పుస్తకాలు మా పని. కంప్యూటరులో 32 బిట్ విండోస్ 7, 2 జీబీ ర్యామ్, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ 7, తెలుగుకు ‘అను’ ఫాంట్లు ఉన్నాయి. పనిలో ఇంతవరకు ఇబ్బంది పెట్టలేదు. అయితే ఈమధ్య బ్రౌజరు పాతదైపోయిందంటూ కొన్ని సైట్లు తెరుచుకోవడం లేదు. ఇందులో విండోస్ 11 ఎక్కదని మెకానిక్ తేల్చేశాడు. కొత్తది కొనేయమని మా అబ్బాయి అంటున్నాడు. కొత్తదానిలో పేజ్‌మేకర్ నడవకపోతే పదిహేనేళ్ళ ఫైళ్ళు ఏమవుతాయన్నది నా భయం. ఉన్నదాన్నే వాడుకోవచ్చా, మార్చక తప్పదా?

జవాబు: మీ ఉత్తరంలో కంప్యూటరు గురించిన సందేహం ఒకటి, ఫైళ్ళ గురించిన దిగులు ఒకటి కలిసిపోయి ఉన్నాయి. మెకానిక్ మొదటిదానికి జవాబు చెప్పాడు. మీకు నిద్ర పట్టనివ్వనిది రెండోది.

ముందు మొదటిదాని సంగతి చూద్దాం. 2009 అక్టోబరులో వచ్చిన విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2020 జనవరి 14తో ముగిసింది. డబ్బు కట్టిన సంస్థలకు మాత్రం 2023 జనవరి వరకు భద్రతా అప్‌డేట్లు అందాయి. మద్దతు ముగియడమంటే కంప్యూటరు ఆగిపోవడం కాదు. ఆ తేదీ తరువాత అందులో ఏ లోపం బయటపడినా దాన్ని పూడ్చేవారు ఉండరని అర్థం. బ్రౌజరు సంగతి కూడా అంతే. విండోస్ 7పై పనిచేసే క్రోమ్‌లలో 109వదే చివరిది. 2023 ఫిబ్రవరిలో వచ్చిన 110వ వెర్షన్ నుంచి కనీసం విండోస్ 10 ఉండాలి. కాబట్టి మీకు కనిపిస్తున్న ఆ హెచ్చరికలు పోయేవి కావు, రోజులు గడిచేకొద్దీ పెరిగేవే.

పూడ్చని లోపం ఎంత పని చేస్తుందో 2017 మే నెలలో ప్రపంచమంతా చూసింది. వానాక్రై అనే వైరస్ నెట్‌వర్కు ద్వారా ఒక కంప్యూటరు నుంచి మరొకదానికి దానంతటదే పాకి, ఫైళ్ళన్నిటికీ తాళం వేసి, తెరవడానికి డబ్బు అడిగింది. ఆ లోపాన్ని పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ అంతకు రెండు నెలల ముందే, మార్చిలోనే, ఇచ్చింది. దెబ్బతిన్నవాటిలో ఎక్కువ భాగం ఆ అప్‌డేట్ వేసుకోని విండోస్ 7 యంత్రాలే. అప్పుడు విండోస్ 7కు మద్దతు ఉంది, వేసుకోవడానికి అప్‌డేటూ ఉంది. ఇప్పుడు మీకు ఆ రెండూ లేవు.

అందువల్ల నా సలహా ఏమిటంటే, కంప్యూటరును మార్చకండి, దాని వెనక ఉన్న నెట్ వైరును పీకేయండి. వైఫై ఉంటే అదీ తీసేయండి. నెట్‌తో సంబంధం లేని యంత్రం మీద పేజ్‌మేకర్ నడుపుకోవడంలో తప్పేమీ లేదు. అచ్చు యంత్రానికి నెట్ అవసరం లేనట్టే మీ కూర్పు యంత్రానికీ లేదు. వాట్సాప్‌లో వచ్చే ఫోటోలు దించుకోవడానికి, ప్రూఫ్ పంపడానికి, డబ్బు లావాదేవీలకు విండోస్ 11 ఉన్న చిన్న కంప్యూటరు ఒకటి పక్కన పెట్టుకోండి. ఈ పనులకు పెద్ద యంత్రం అక్కరలేదు. మీ అబ్బాయి మాట సగం నెగ్గినట్టే.

ఈ ఏర్పాటులో మిగిలే ప్రమాదం పెన్‌డ్రైవ్. గిరాకీలు తెచ్చిన పెన్‌డ్రైవ్‌ను సరాసరి పాత యంత్రానికి గుచ్చడం మన ఊళ్ళలో ప్రతి సెంటరులోనూ చూస్తాం. దాన్ని ముందు కొత్తదానిలో పెట్టి, స్కాన్ చేసి, కావలసిన ఫోటోనో ఫైలునో మాత్రమే మీ సొంత పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి అప్పుడు పాతదానికి తీసుకువెళ్ళండి. గిరాకీ తొందరపెడుతున్నప్పుడు ఈ నియమం తప్పాలనిపిస్తుంది. ఒక్కసారి తప్పినా చాలు, అంతవరకు పాటించినదానికి ఫలం లేకుండా పోతుంది.

నిజానికి మీ యంత్రాన్ని వైరస్ కంటే ముందు వయసు పట్టుకుంటుంది. సముద్రానికి దగ్గరగా ఉన్న మన ప్రాంతంలో గాలిలోని తేమకూ ఉప్పుకూ ర్యామ్ కాళ్ళు, కేబుల్ కొసలు నల్లబడతాయి. తిరిగే హార్డ్‌డిస్కు పదేళ్ళు దాటి నడుస్తోందంటే అది అదృష్టమే. అది పనిచేస్తున్నప్పుడే మొత్తం డిస్కును ఉన్నదున్నట్టుగా ఒక ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని డిస్కు) మీదికి నకలు తీయించండి. విండోస్ 7 ఎస్‌ఎస్‌డీని బాగానే గుర్తిస్తుంది, పైగా వేగం కూడా పెరుగుతుంది. పాత డిస్కును చెరిపేయకుండా బీరువాలో దాచండి. ఫైళ్ళ నకలు మరొకటి సెంటరులో కాకుండా మీ ఇంట్లో, అదీ మేడ మీదో అటక మీదో, ఉంచుకోండి. వరదలు, తుఫానులు ఎరిగిన గోదావరి వారికి ఇంతకంటే వివరించనక్కరలేదు.

ఇప్పుడు అసలు దిగులు దగ్గరికి వద్దాం. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. 2004లో దాన్ని తయారుచేసే అడోబీ సంస్థ దాని అభివృద్ధిని ఆపేసి, వాడకందార్లను ఇన్‌డిజైన్ అనే తన మరో కూర్పు ప్రోగ్రాము వైపు మళ్ళించింది. సీఎస్6 అనే వెర్షన్ వరకు ఉన్న ఇన్‌డిజైన్లు పేజ్‌మేకర్ ఫైళ్ళను తెరిచేవి, తరువాతి వెర్షన్లు తెరవవు. అంటే కొత్త కంప్యూటరుతో పాటు కొత్త ఇన్‌డిజైన్ కొన్నా మీ పాత ఫైళ్ళు అందులో తెరుచుకోవు. పేజ్‌మేకర్‌నే కొత్తదానిలో ఎక్కిద్దామంటే, అది 32 బిట్ ప్రోగ్రాము కనుక 64 బిట్ విండోస్ మీద కొన్నిచోట్ల నడుస్తోంది. నడిచి తీరుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. ప్రింటరుకూ, సాఫ్ట్‌వేరు తాళంగా గుచ్చే డాంగిల్‌కూ ఉన్న 32 బిట్ డ్రైవర్లు (వాటిని కంప్యూటరుతో పనిచేయించే చిన్న ప్రోగ్రాములు) మాత్రం 64 బిట్ విండోస్‌పై ఎట్టి పరిస్థితిలోనూ పనిచేయవు. విండోస్ 11లో 32 బిట్ రకం అసలు లేనే లేదు.

ఫాంట్ల సంగతి ఇంకా లోతైనది. అన్ని భాషల అక్షరాలకూ దేనికది విడి సంకేతం ఇచ్చే యూనికోడ్ 1991లో వచ్చిన మొదటి వెర్షన్‌లోనే తెలుగుకు స్థానమిచ్చినా, మన డి.టి.పి. రంగం ఇంగ్లీషు అక్షరాల సంకేతాల మీద తెలుగు రూపాలను అతికించిన ఫాంట్లతోనే పెరిగింది. మీ ఫైలులో ఉన్నది తెలుగు కాదు. తెలుగులా కనిపించేట్టు తొడుగు వేసుకున్న ఇంగ్లీషు గుర్తులు. ఫాంటు తీసేస్తే మిగిలేది పిచ్చిరాత. అందులో వధువు పేరు కోసం వెతికినా దొరకదు, ఫోనులో అతికించినా చదవలేరు. మీ ఫైళ్ళు చిక్కుకున్నది విండోస్ 7లో కాదు, ఈ ఫాంట్లలో. ఆపరేటింగ్ సిస్టం ఎన్నిసార్లు మార్చినా ఈ చిక్కు విడదు.

దీన్ని విడదీయడానికి పదిహేనేళ్ళ ఫైళ్ళన్నీ ముందేసుకుని కూర్చోవద్దు. పాత శుభలేఖను ఎవరూ రెండోసారి అచ్చు వేయించుకోరు. మళ్ళీ మళ్ళీ అవసరపడేవి, అంటే దేవస్థానాల రసీదులు, సంఘాల నియమావళులు, బడి పత్రికలు, మీరు నమూనాలుగా వాడే కార్డులు మాత్రమే ఏరండి. ప్రతిదాన్నీ ఫాంట్లు పొదిగిన పీడీఎఫ్‌గా దాచండి. అప్పుడు పేజ్‌మేకర్ లేకపోయినా అచ్చుకు పనికివస్తాయి. మున్ముందు మార్పులు చేయవలసినవాటి పాఠాన్ని బయటికి తీసి యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టరు గుండా పంపండి. వత్తులు, పొల్లులు అక్కడక్కడ చెదురుతాయి కాబట్టి ఇంటిపేర్లను, గోత్రాలను కంటితో సరిచూడందే అచ్చుకు ఇవ్వకండి. కొత్తగా వచ్చే పనిలో కొంతైనా యూనికోడ్‌లో మొదలుపెట్టండి. ఇన్‌డిజైన్ ఇప్పుడు తెలుగును సరిగానే కూర్చుతుంది. డబ్బు పెట్టలేనివారికి స్క్రైబస్ అనే కూర్పు ప్రోగ్రాము ఉచితంగా దొరుకుతుంది. మండలి, రామభద్ర, గిడుగు, మల్లన్న వంటి ఉచిత ఫాంట్లున్నాయి. అను ఫాంట్లలో ఉన్నన్ని అలంకారపు అక్షరాలు వీటిలో లేవన్న మీ వర్గం వారి ఫిర్యాదు నిజమే, నేను కాదనను. అను ఫాంట్లతో మీ వేళ్ళకు అలవాటైన ‘యాపిల్’ అనే కీబోర్డు లేఅవుట్‌తోనే యూనికోడ్‌ను టైపు చేసుకునే వీలుంది కనుక టైపింగు మళ్ళీ నేర్చుకోనక్కరలేదు.

ఇక ఎప్పుడు? కాలువలకు నీళ్ళు కట్టేసిన వేసవిలోనే కదా పూడికతీతలు, లాకుల మరమ్మతులు చేసుకుంటాం. మీకు అటువంటి విరామం ఆషాఢం. అదీ మొదటి పక్షంలోనే. రెండో పక్షానికి శ్రావణ ముహూర్తాల కార్డుల వాళ్ళు గుమ్మంలో ఉంటారు. ముహూర్తాల మధ్యలో ఎవరెంత చెప్పినా ఆ యంత్రం జోలికి వెళ్ళనివ్వకండి. నెట్ వైరు పీకడానికి మాత్రం ఆషాఢం దాకా ఆగనక్కరలేదు, ఈ ఉత్తరం చదివిన రోజే పీకవచ్చు.

ప్రశ్న: భీమవరం దగ్గర రొయ్యల మేత దుకాణం మాది. బిల్లులు, జీఎస్టీ, బ్యాంకు పనులన్నీ విండోస్ 10 ఉన్న ఒకే కంప్యూటరులో చేస్తాం. ఆరో తరం ఇంటెల్ ఐ5 ప్రాసెసరు, 8 జీబీ ర్యామ్. మద్దతు ముగిసిందని తెర మీద హెచ్చరిక వస్తోంది, విండోస్ 11కు మాత్రం అర్హత లేదంటోంది. అడ్డంకి తప్పించి విండోస్ 11 వేసేస్తానని, ఖర్చు కూడా ఏమీ ఉండదని తెలిసిన కుర్రాడొకడు అంటున్నాడు. వేయించమంటారా?

జవాబు: వేయించవద్దు. పై జవాబులో పాతదాన్ని ఉంచుకోమని చెప్పి మీకు మార్చుకోమంటున్నానని అనుకోకండి. వారి యంత్రానికి నెట్ అక్కరలేదు, మీ యంత్రానికి నెట్ లేకపోతే పనే లేదు. తేడా అంతా అక్కడే ఉంది.

విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. సొంత వాడకందార్లకు భద్రతా అప్‌డేట్లను మరో ఏడాది, అంటే 2026 అక్టోబరు 13 వరకు, ఇచ్చే పథకాన్ని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. సంస్థలకు వేరే పథకం ఉంది. అందులో మొదటి ఏడాదికి ఒక్కో కంప్యూటరుకు 61 డాలర్లు, తరువాత ఏటా అది రెట్టింపవుతుంది, గరిష్ఠంగా మూడేళ్ళు. మూడేళ్ళకు కట్టే మొత్తం చూస్తే, అది కొత్త యంత్రం ఖర్చులో చాలా భాగమే. అందుచేత ఈ పథకాన్ని కొత్తది కుదుర్చుకునేందుకు దొరికిన గడువుగా మాత్రమే చూడండి.

విండోస్ 11కు 64 బిట్ ప్రాసెసరు, 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్థలం, సెక్యూర్ బూట్, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు కావాలి. వీటితోపాటు ఇంటెల్ ప్రాసెసరయితే స్థూలంగా ఎనిమిదో తరమో, ఆపైదో అయి ఉండాలి. మీది ఆరోది కనుక ర్యామ్ ఎంత పెంచినా అర్హత రాదు. (ఎనిమిదో తరం ఉండి కూడా అర్హత లేదని చూపేవారు కొత్తది కొనే ముందు బయాస్‌లో (కంప్యూటరు మూల అమరికలలో) టీపీఎం పని చేసే పీటీటీ అనే అమరిక తెరిచి ఉందో లేదో చూడాలి. చాలా డెస్క్‌టాప్‌లలో అది మూసి ఉంటుంది. ఒక్క మీట నొక్కితే తీరే పనికి వేలు ఖర్చుపెట్టినవారు ఉన్నారు.)

అడ్డంకి తప్పించి వేసిన విండోస్ 11 నడుస్తుంది, ఆ కుర్రాడు అబద్ధం చెప్పడం లేదు. కాకపోతే అటువంటి యంత్రాలకు అప్‌డేట్లు అందుతాయన్న హామీ లేదని మైక్రోసాఫ్టే చెబుతోంది. మీరు మారేదే అప్‌డేట్ల కోసం అయినప్పుడు, వాటికే హామీ లేని దారిలో మారడం దేనికి? ఇక ఖర్చేమీ లేదన్న మాట దగ్గర నాకు రెండో అనుమానం వస్తోంది. లైసెన్సు కొనకుండా క్రాక్‌తో విండోస్ వేస్తున్నాడేమో కనుక్కోండి. ఆ క్రాక్ పనిచేయాలంటే చాలాసార్లు యాంటీవైరస్‌ను ఆపమంటారు. బ్యాంకు పాస్‌వర్డు కొట్టే యంత్రంలో ఎవరో తెలియనివారు రాసిన ప్రోగ్రాముకు తలుపు తీసి కాపలావాణ్ణి పంపేయడమే అది.

లైసెన్సుతో వచ్చే కొత్త యంత్రం తీసుకోండి. తీసుకునే ముందు మీ బిల్లింగు సాఫ్ట్‌వేరు ఏ వెర్షన్ విండోస్ 11పై నడుస్తుందో, లైసెన్సును పాతదాని నుంచి ఎలా విడిపించాలో అమ్మినవారిని అడిగి రాయించుకోండి. ఒక నెల బిల్లులు రెండింటిలోనూ కొట్టి, మొత్తాలు సరిపోయాకనే పాతదాన్ని నెట్ నుంచి తప్పించండి. మార్చి నెలాఖరులో మాత్రం ఈ పని పెట్టుకోకండి.

ప్రశ్న: విశ్రాంత ఉపాధ్యాయుణ్ణి, అమలాపురం దగ్గర ఉంటాను. 2013 నాటి ల్యాప్‌టాప్, విండోస్ 8.1, 4 జీబీ ర్యామ్. అమెరికాలోని పిల్లలతో వీడియోలో మాట్లాడటం, పత్రికలు చదవడం, తెలుగులో వ్యాసాలు రాసుకోవడం నా అవసరాలు. పారేయాలా?

జవాబు: పారేయనక్కరలేదు. విండోస్ 8.1కు 2023 జనవరి 10తోనే మద్దతు ముగిసింది కనుక అలాగే నెట్‌లో వాడటం మంచిది కాదు. మీ అవసరాలకు విండోస్‌కు బదులు వాడే లినక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టం చక్కగా సరిపోతుంది, లైసెన్సు ఖర్చు లేదు. దాన్ని పెన్‌డ్రైవ్ మీద వేయించి, ల్యాప్‌టాప్‌లో ఉన్నది చెరపకుండానే ముందు నడిపి చూడవచ్చు. అప్పుడే పిల్లలతో ఒకసారి మాట్లాడి చూడండి. కెమెరా, మైకు, వైఫై మూడూ పనిచేస్తే ఎక్కించుకోండి, లేదంటే పెన్‌డ్రైవ్ తీసేసి యథాప్రకారం పాతదానిలోకి వెళ్ళిపోవచ్చు. ఎక్కించేటప్పుడే ఎస్‌ఎస్‌డీ కూడా వేయిస్తే ల్యాప్‌టాప్ చురుకవుతుంది. తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అందులోనే వస్తుంది, వ్యాసాలకు లిబ్రే ఆఫీసు ఉంటుంది. మీరు ఇప్పటిదాకా యూనికోడ్‌లోనే రాస్తూ ఉంటే పాత వ్యాసాలన్నీ అందులో ఉన్నవున్నట్టే తెరుచుకుంటాయి. ఫోటోలను, వ్యాసాలను ముందుగా బయటి డిస్కు మీదికి మీ చేత్తో మీరే ఎక్కించుకుని, తెరిచి చూసుకుని, ఆ తరువాతే ల్యాప్‌టాప్‌ను మెకానిక్‌కు ఇవ్వండి. ‘ఫార్మాట్ కొట్టేశానండి’ అని అతను చెప్పాక మనం చేయగలిగింది చాలా తక్కువ.