డబ్బు కట్టేది మేము, మాకు చెప్పేది మాత్రం ఏమీ లేదా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నాలుగు తీసుకున్నాను. నాలుగూ మా కౌన్సెలింగ్ వృత్తి మీదే, అంటే మనసు బాగాలేనివాళ్లతో మాట్లాడి దారి చూపే పని మీదే. మమ్మల్ని తిడుతూ వచ్చినవీ ఉన్నాయి, తప్పులేదు. మేం ఏం చేస్తామో జనానికి మేమెప్పుడూ సరిగ్గా చెప్పలేదు. రాజమండ్రిలో ఇంటి ముందు బోర్డు పెట్టిన కొత్తలో ఒక పెద్దాయన డ్రైనేజీ పొంగుతోందని ఫిర్యాదు పట్టుకొచ్చాడు. ‘కౌన్సెలర్’ అని నేను రాస్తే ఆయన ‘కౌన్సిలర్’ అని చదువుకున్నాడు. మంచినీళ్లిచ్చి, వార్డు ఆఫీసుకు దారి చెప్పి పంపాను.

ప్రశ్న: మా పాప ఇంటర్ రెండో ఏడాది, బైపీసీ. వయసు పదిహేడు. విజయవాడ హాస్టల్లో ఉండగా తిండి మానేసి, నిద్ర లేక బాగా చిక్కిపోతే ఇంటికి తెచ్చేసుకున్నాం. మూడు నెలలుగా ప్రతి శనివారం కౌన్సెలర్ దగ్గరికి తీసుకెళ్తున్నాను. వెళ్లినప్పుడల్లా ఎనిమిది వందలు. తలుపు వేసుకుని గంటసేపు మాట్లాడుకుంటారు. నేను బయట బల్ల మీద కూర్చుంటాను. ఏం చెప్పిందండీ అని అడిగితే, ‘అది మా ఇద్దరి మధ్య మాటండీ’ అంటుంది ఆవిడ. కన్నతల్లిని నేను. ఎవరైనా అబ్బాయి సంగతా? తెలుసుకునే హక్కు నాకు లేదా? – ఒక తల్లి, నరసరావుపేట

జవాబు: అమ్మా, ఆ బల్ల మీద గంట ఎంత పొడుగో నాకు తెలుసు. లోపల ఏడుపు వినిపిస్తే ఒక బాధ, నవ్వు వినిపిస్తే ఇంకో బాధ, ‘నా దగ్గర ఇలా నవ్వి ఎన్నాళ్లయింది’ అని.

హక్కు ఉంది. కాకపోతే మీరు అనుకున్నంత లేదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్‌లో వైద్యం పొందే మనిషి వివరాలు గోప్యంగా ఉంచాలని చెప్పింది. మైనరు అయితే సంరక్షకులే ప్రతినిధులని, ఆ ప్రతినిధి తన బాధ్యత నెరవేర్చడానికి కావలసిన సమాచారం ఇవ్వొచ్చని కూడా అదే చట్టం చెబుతుంది. కావలసినంతే, అంతా కాదు. మా వృత్తిలో ఆ గీతను ఇలా గీసుకుంటాం: పాప ప్రాణానికి ముప్పుందనిపిస్తే మీకు చెప్పి తీరాలి. తన వల్ల ఇంకొకరికి ముప్పున్నా ఊరుకోకూడదు. పద్దెనిమిది నిండని పిల్ల మీద లైంగిక నేరం జరిగిందని తెలిస్తే పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పాలి, చెప్పకుండా దాచడమే నేరం. ఇవి కాక మిగతా మాటలు ఆ గదిలోవి.

ఇదంతా మొదటి రోజే మీ ఇద్దరినీ కూర్చోబెట్టి ఆవిడ చెప్పి ఉండాల్సింది. చెప్పకపోతే ఆ తప్పు ఆవిడదే.

మాట బయటికి పోదన్న నమ్మకం ఎందుకంత ముఖ్యమో చెబుతాను. నేను ఈ పనిలోకి వచ్చింది హెచ్ఐవీ పరీక్షా కేంద్రంలో. ప్రభుత్వాసుపత్రిలో ఒక మూల గది, మధ్యలో ప్లైవుడ్ అడ్డం. అడ్డానికి అవతల రక్తం ఇవ్వడానికి వచ్చినవాళ్ల లైను. ఇవతల గుసగుసలాడినా అవతలికి వినిపించేది. మా ఇంట్లో ఒక పాత టేబుల్ ఫ్యాన్ ఉండేది, గాలి తక్కువ, మోత ఎక్కువ. అది తెచ్చి అడ్డానికి ఆనించి పెట్టాను. డిసెంబరులో కూడా తిరగాల్సిందే. ఒకావిడ చలికి పమిట చెవుల మీదుగా కప్పుకుని మరీ కూర్చునేది కానీ, ఆపమని ఒక్కసారి కూడా అనలేదు. ఒక రోజు ఫ్యాన్ రిపేరుకు వెళ్లింది. ఆ రోజు ఆవిడ అరగంట సేపు తన గేదె గురించే చెప్పింది. ఎన్ని పాలిస్తుంది, ఎప్పుడు ఈనింది, దాణా ఎంతయింది. తర్వాత వారం ఫ్యాన్ తిరిగొచ్చాక గానీ భర్త సంగతి నోట రాలేదు.

లోపలన్న మాటలు బల్ల మీదికి వస్తాయని తెలిస్తే మీ పాప కూడా గేదె గురించే చెబుతుంది. ఎనిమిది వందలూ దానికే పోతాయి.

అలాగని మిమ్మల్ని అలా కూర్చోబెట్టి ఉంచడం కూడా పద్ధతి కాదు. వచ్చే శనివారం చివరి పావుగంట మీకు ఇవ్వమనండి, పాప ఎదురుగానే. ఏ మార్పు కోసం పనిచేస్తున్నారు, మూడు నెలల్లో ఎంత తేడా కనిపించింది, ఇంట్లో మేం ఏం చేయాలి, ఏం మానుకోవాలి అని అడగండి. వీటికి ‘చెప్పకూడదు’ అనే హక్కు ఆవిడకు లేదు. ఇంకో మాట తప్పకుండా అడగండి: తిండీ నిద్రా పోయి చిక్కిపోయిన పిల్లను సైకియాట్రిస్టుకు, అంటే మనసు జబ్బులు చూసే డాక్టరుకు చూపించారా? మీ ఉత్తరంలో ఆ ఊసే లేదు. తన చేతిలో లేనిది ఎక్కడ మొదలవుతుందో గుర్తుపట్టి డాక్టరు దగ్గరికి పంపడం కౌన్సెలర్ పనిలో సగం. రక్తహీనత, థైరాయిడ్ లాంటివి కూడా చూడాలి. అన్నీ మనసు మీదికే నెట్టేయకూడదు.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో మాత్రం ఏమీ అడగొద్దు. తనకిష్టమైనది ఏదైనా కొనిపెట్టండి. అబ్బాయి సంగతా అంటారా, నాకు తెలియదు. తెలిసినా రాయను.

ప్రశ్న: హనుమకొండలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో జువాలజీ చెబుతాను. ఈ ఏడాది నన్నే ‘స్టూడెంట్ కౌన్సెలర్’ని కూడా చేశారు. రెండు రోజుల ఆన్‌లైన్ శిక్షణ, ఒక సర్టిఫికెట్, అంతే. ఎవరు వచ్చారు, ఏం చెప్పారు అని రిజిస్టరులో రాసి ప్రతి శుక్రవారం ప్రిన్సిపాల్‌కు ఇవ్వాలట. మొన్న ఒక అబ్బాయి ‘బతకాలని లేదు సార్’ అన్నాడు. ధైర్యం చెప్పి పంపాను. ఆ రాత్రంతా నాకు నిద్ర పట్టలేదు. – ఒక అధ్యాపకుడు

జవాబు: మాస్టారూ, రిజిస్టరు తర్వాత. ముందు ఆ అబ్బాయి. ఇది చదివిన రోజే, మొదటి పీరియడ్‌కు ముందే, పక్కకు పిలిచి కూర్చోబెట్టండి. ‘ఆ రోజు అలా అన్నావు, చచ్చిపోవాలని ఆలోచనలు వస్తున్నాయా?’ అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందని చాలామంది భయపడతారు, అలా పుట్టదు. ఎవరో ఒకరు అడిగారన్న తెరిపి కలుగుతుంది. అవునంటే ఒంటరిగా వదలొద్దు. ఇంట్లో పెద్దవాళ్లను పిలిపించి అదే రోజు సైకియాట్రిస్టు దగ్గరికి పంపండి. డాక్టరు దొరికేలోపు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి, ఇరవై నాలుగు గంటలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు. ఈ మాట విని ఎవరికైనా మనసులో కదిలితే వాళ్లకూ అదే నంబరు. ‘ఎవరికీ చెప్పనులే’ అని మాత్రం ఆ అబ్బాయికి మాటివ్వకండి. ‘నిన్ను కాపాడుకోవడానికి ఎవరికి చెప్పాలో వాళ్లకే చెబుతాను, నీకు చెప్పాకే చెబుతాను’ అనండి.

‘ధైర్యం చెప్పి పంపాను’ అన్నారు. మనవాళ్లందరూ చేసేది అదే. ‘మీ నాన్న ఎంత కష్టపడుతున్నాడో చూడు’ అంటాం. వాడికి ఆ బరువే మోయలేకుండా ఉంది, మనం ఇంకో మూట ఎత్తి పెడతాం. వినడం మా పనిలో మొదటిది. చాలా రోజులు అదొక్కటే.

ఇక మీ కాలేజీ సంగతి. విశాఖపట్నంలో నీట్‌కు చదువుతున్న ఒక అమ్మాయి 2023లో చనిపోయింది. ఆ కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న కొన్ని మార్గదర్శకాలు ఇచ్చింది. వందమంది, అంతకు పైన విద్యార్థులున్న సంస్థలు అర్హత ఉన్న కౌన్సెలర్‌నో సైకాలజిస్టునో సోషల్ వర్కర్‌నో కనీసం ఒకరిని పెట్టుకోవాలంది. వాళ్లకు పిల్లల, యువత మానసిక ఆరోగ్యంలో శిక్షణ ఉండి తీరాలంది. అంతకన్నా చిన్న సంస్థలు బయటి నిపుణులతో సంబంధం పెట్టుకోవాలి. వీలైనంతవరకు మార్కుల ప్రకారం సెక్షన్లు విడదీయొద్దని కూడా అదే తీర్పులో ఉంది. జువాలజీ మాస్టారికి రెండు రోజుల సర్టిఫికెట్ ఇచ్చి ఆ కుర్చీలో కూర్చోబెట్టమని ఎక్కడా లేదు. మీ తప్పు కాదనుకోండి. అయినా ప్రాక్టికల్స్‌కు మార్కులేసే మనిషికి ఏ పిల్లవాడు మనసు విప్పుతాడు?

రిజిస్టరు గురించి ప్రిన్సిపాల్ గారితో మర్యాదగా, రాతపూర్వకంగా చెప్పండి: ఎంతమంది వచ్చారో, ఎంతమందిని డాక్టరు దగ్గరికి పంపానో ఇస్తాను, పేర్లూ మాటలూ ఇవ్వను అని. ప్రాణాపాయం ఉన్న పిల్లవాడి సంగతి వేరు, దానికి శుక్రవారం దాకా ఆగం కదా.

ప్రశ్న: హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. టెన్షన్, నిద్రలేమితో నాలుగు నెలలుగా ఒక కౌన్సెలర్ దగ్గరికి వెళ్తున్నాను. చాలా తేలికపడ్డాను. ఆయన నన్ను తమ్ముడూ అంటాడు, రాత్రిళ్లు వాట్సాప్‌లో మాట్లాడతాడు. ఈమధ్య వాళ్ల బావమరిది రెజ్యూమె పంపి మా కంపెనీలో చూడమన్నాడు. నిద్రకు రెండు మాత్రల పేర్లు రాసిచ్చి, తెలిసిన మెడికల్ షాపుకి వెళ్లమన్నాడు. కాదంటే విశ్వాసం లేనివాణ్నవుతానేమో. – పేరు వద్దు

జవాబు: బాబూ, ఆ మాత్రలు కొనకండి. కొని ఉంటే ఆ చీటీ, మాత్రలూ తీసుకుని డాక్టరును కలవండి, రోజూ వేసుకుంటున్నవైతే మీకు మీరే ఒక్కసారిగా ఆపొద్దు. మందు రాసే అధికారం కౌన్సెలర్‌కు లేదు. నాకూ లేదు. సైకాలజిస్టుకూ లేదు. మందులు రాయాలంటే వైద్యం చదివిన డాక్టరే రాయాలి.

రెజ్యూమె అంతకన్నా పెద్ద తప్పు. మీరు ఆయన ముందు ఏడ్చి ఉంటారు. ఆయనకు మీ ఇంటి గుట్టు తెలుసు. అలాంటి మనిషి సాయం అడిగితే మీరు ‘కాదు’ అనలేరు, అనలేరని ఆయనకూ తెలియాలి. అందుకే మేం మాకు ఫీజు తప్ప ఇంకేమీ రానివ్వకూడదు. అప్పు అడగకూడదు, ఉద్యోగాలు అడగకూడదు, పెళ్లి సంబంధాలు చూడమనకూడదు.

ఈ హద్దు నేను దెబ్బ తిని నేర్చుకున్నాను. మొదటి ఏడాదిలో రైతుబజార్లో వంకాయలు ఏరుతుంటే నా దగ్గరికి వచ్చే ఒకమ్మాయి కనిపించింది. ‘బాగున్నావా అమ్మా’ అన్నాను. పక్కనే వాళ్లత్తగారు. ‘ఎవరే ఆవిడ?’ అని అడగడం నాకు వినపడింది. ‘ఏమో, నాకు తెలీదు’ అంది ఆ అమ్మాయి, తల వంచుకుని. మళ్లీ నా దగ్గరికి రాలేదు. ఒక్క పలకరింపు. అప్పటినుంచి మొదటి రోజే చెబుతాను, బయట కనిపిస్తే నేను పలకరించను, మీరు పలకరిస్తే పలుకుతాను, తప్పుగా అనుకోవద్దు అని. పెళ్లిళ్లలో ఎదురెదురుగా కూర్చుని భోంచేసి కూడా ముక్కూమొహం తెలియనట్టు లేచొచ్చిన సందర్భాలున్నాయి.

మీకు తేలికపడింది నిజమే. దానికి మీరు ఫీజు కట్టేశారు, బాకీ ఏమీ లేదు. ఇంకొకరిని వెతుక్కోండి. క్లినికల్ సైకాలజిస్టు అయితే భారత పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐ రిజిస్టరులో పేరుండాలి, నంబరు అడగండి. కౌన్సెలర్ అయితే ఏం చదివారు, ఎవరి పర్యవేక్షణలో ఎన్నాళ్లు పనిచేశారు అని మొహమాటపడకుండా అడగండి. అడిగినందుకు చిరాకు పడ్డారంటే అక్కడినుంచి లేచొచ్చేయండి.

ప్రశ్న: అందరి గోడూ వింటారు కదా, మరి మీ గోడు ఎవరు వింటారు మేడమ్? – ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: నెలకు రెండు శుక్రవారాలు నాకన్నా పెద్దావిడ ఒకరి దగ్గరికి వెళ్తాను. మీ పేర్లు చెప్పకుండా, ఏ కేసులో ఎక్కడ ఆగిపోయానో, ఎవరి మీద నాకు విసుగొచ్చిందో చెప్పుకుంటాను. మందలిస్తుంది కూడా. ఆ రైతుబజారు సంగతి మొదట చెప్పింది ఆవిడకే. ఇన్నేళ్ల పరిచయం కదా అని ఒకసారి ఫీజు తగ్గించమని అడిగాను. తగ్గించలేదు.