పక్కింటి అరిసెలు తినొచ్చా?

ప్రశ్న: సంక్రాంతికి పక్కింటి పిన్నిగారు డబ్బా నిండా అరిసెలు, జంతికలు తెచ్చిస్తారు. మేము క్రైస్తవులం, అవి దేవుళ్లకి నైవేద్యం పెట్టినవేమోనని మా అత్తగారు తినకూడదంటారు, తిరిగిచ్చేస్తే పిన్నిగారు నొచ్చుకుంటారు. ఏటా ఇదే టెన్షన్. ఏం చేయాలి?

జవాబు: అమ్మా, తీసుకోండి. పొయ్యి దగ్గర నిలబడి, పాకం ముదరకుండా చూసుకుని చేసిన అరిసెలవి, మీ మీద ప్రేమతోనే తెచ్చారు. బైబిల్ కాలంలో గ్రీకు నగరం కొరింథులోనూ ఇదే గొడవ, అక్కడ అంగడికొచ్చే మాంసంలో కొంత గుళ్లలో బలి ఇచ్చినదే కాబట్టి కొందరు విశ్వాసులు ముట్టడానికే భయపడేవారు. అక్కడి క్రైస్తవ సంఘానికి రాసిన ఉత్తరంలో అపొస్తలుడు పౌలు ఏమన్నాడు? అంగడిలో అమ్మింది ఆరా తీయకుండా తినండి, అవిశ్వాసి భోజనానికి పిలిస్తే పెట్టింది తినండి, అయితే ఇది బలి అర్పించినదని ఎవరైనా చెబితే మాత్రం ఆ చెప్పినవాళ్ల మనస్సాక్షి కోసం మానేయండి అన్నాడు (1 కొరింథీయులకు 10:25-28). కాబట్టి ఆవిడే ‘ప్రసాదం’ అని చెప్పి ఇస్తే మెల్లగా, నవ్వుతూ వద్దనండి. మామూలు పిండివంటలకి ఈ విచారణ ఎందుకు?

అత్తగారి సంగతంటారా, ఆవిడ మనసు నొప్పించి ఆవిడ ఎదుటే తినాలని పట్టుబట్టకండి, అదే ఉత్తరం ఎనిమిదో అధ్యాయం చివర్లో పౌలు చెప్పిందీ అదే. అన్నట్టు, డబ్బా ఖాళీగా పంపకండి, క్రిస్మస్ కేకు మిగిలుంటే ఓ ముక్క పెట్టండి.